అమ్మకు చదివి వినిపించని భాగం

లుకాంగ్
1984 ఆగస్టు 14

ఎండ. మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది కానీ కురవలేదు. పొద్దున వెదురు తట్టలన్నీ వేడినీళ్ళతో కడిగి గోడకు ఆనించి ఆరబెట్టాను.

చెల్లి పీ-యూకు,

రోజూ కొట్టు లెక్కల పుస్తకంలో మొదట తేదీ, ఎండావానా, చేసిన పని, ఈ మూడే రాస్తాను. చెయ్యి అలవాటు కొద్దీ ఉత్తరమూ అలాగే మొదలైంది. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం ప్రేతాల పూజ ముందురోజు అందింది. ఆ రోజు వీధి వీధంతా మన కొట్టుకే, ఆవిరి బన్నులకే వచ్చింది. పొట్లాలు కట్టేవాళ్ళు దొరక్క అమ్మ కూడా కౌంటరు దగ్గర నిలబడింది. అందుకే ఉత్తరం విప్పడం మరుసటి రోజు భోజనాల తరువాతే కుదిరింది. అమ్మ ఎప్పటిలాగే వినడానికి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. నీకు అయిదో నెల నడుస్తోందన్న చోటికి వచ్చేసరికి చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది.

"దానికి ముప్పై అయిదు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇన్నాళ్ళూ మొగుడూ పెళ్ళామూ ఏం చేస్తున్నారట, బస్సు నడుపుతున్నారా ఇద్దరూ?"

యుంగ్-ఫా బావగారికి ఈ మాట చెప్పకు. మంచి డ్రైవరు, నొచ్చుకుంటారు.

ఇక అమ్మ చెబుతుంటే రాస్తున్నాను. ఇంట్లో మేకులు కొట్టకూడదు. మంచం ఉన్నచోటు నుంచి జరపకూడదు. పరుపు మీద కత్తెర పెట్టకూడదు. కడుపులో బిడ్డను కాసే దేవత ఏ రోజు ఏ మూల కూర్చుంటుందో మనకు తెలియదు, ఆ మూలే తగిలితే బిడ్డకు మచ్చ పడుతుంది. పురుడయ్యాక నెలరోజులు అమ్మే వచ్చి చేస్తుంది. నువ్వుల నూనె ఇక్కడిదే తెస్తుంది. తైపేలో అమ్మేది నూనె కాదంటుంది.

అమ్మ పడుకుంది. నా తరపున ఒక మాట. చాలా సంతోషించాను. ఇలాంటివి రాయడం నాకు రాదు. బావగారికి మన నాన్న సంగతి, పెద్దన్నయ్య సంగతి పూర్తిగా తెలుసా? ఇద్దరూ కాలేయం జబ్బుతోనే పోయారని, అది మన కో వంశంలో ఉందని చెప్పావా? డాక్టరుకు కూడా ముందే చెబితే మంచిది.

బండిలోంచి పిండి బస్తాలు దిగుతున్నాయి. ఉంటాను.

అన్న, చిన్-శుయ్


పాన్‌చ్యావ్, తైపే
1984 సెప్టెంబరు 9

అన్నయ్యకు, అమ్మకు,

మీ ఉత్తరం రాకముందే మీ బావగారు గోడకు అల్మారా బిగించేశారు. ఆరు మేకులు. తీసేస్తానన్నారు. తీయడం కూడా మేకు పనే కదా, వద్దన్నాను. అమ్మా, దేవత ఆ గోడ దగ్గర లేదనే అనుకుందాం.

వేవిళ్ళు తగ్గాయి. పొద్దున గంజి నిలుస్తోంది. పక్కింటావిడ నా పొట్ట చూసి మగపిల్లాడంటుంది, ఎదురింటావిడ ఆడపిల్లంటుంది. ఇద్దరూ నా గుమ్మంలోనే పోట్లాడుకున్నారు. బావగారు రోజూ డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఏదో ఒక పండు తెస్తున్నారు.

అన్నయ్యా, ఇక్కడినుంచి అమ్మకు చదవకు.

ఈ జూలై నుంచి కడుపుతో ఉన్న ఆడవాళ్ళందరి రక్తం పరీక్ష చేస్తున్నారు. నాదీ చేశారు. నా రక్తంలో కాలేయానికి వచ్చే బి రకం వైరస్ ఉందట. రెండు పరీక్షల్లోనూ ఉందట, అంటే గట్టిగానే ఉందన్నమాట. నాకు జబ్బేమీ లేదు, కానీ ఒంట్లో మోస్తున్నాను. పుట్టేటప్పుడు బిడ్డకు అంటుతుంది. చిన్నప్పుడు అంటితే జీవితాంతం పోదు, నాన్నకు అయినట్టే నడివయసులో కాలేయం గట్టిపడుతుంది. అందుకని పుట్టిన రోజునే బిడ్డకు ఒక సూది, ఆ వారంలోనే ఇంకొక టీకా, తరువాత నెలల్లో మరి రెండు, ఏడాదికి మళ్ళీ ఒకటి వేస్తామంటున్నారు. ప్రభుత్వమే వేయిస్తోంది.

డాక్టరు ఇంకో మాటన్నారు. ఇది వంశంలో వచ్చేది కాదట. తల్లి నుంచి పిల్లలకు అంటేదట. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అమ్మే కళ్ళముందు ఉంది. ఏటా నాన్న తద్దినం రోజున అమ్మ ఆయన వంశాన్ని ఎలా తిడుతుందో నీకు తెలుసు. ఈ సంగతి ఆవిడకు ఎలా చెప్పడం?

నువ్వు కూడా పరీక్ష చేయించుకో.

పీ-యూ


లుకాంగ్
1984 సెప్టెంబరు 30

ముసురు. పిండి పొంగడం ఆలస్యమవుతోంది. పొయ్యి పక్కన పాత గొట్టం తీసి కొత్తది వేశాను.

పీ-యూకు,

నీ ఉత్తరం నువ్వు చెప్పిన చోటి దాకా చదివి ఆపాను. అమ్మ కళ్ళు చిట్లించింది.

"ఏం, దాని కలంలో సిరా అయిపోయిందా?"

కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది, రెండోవైపు రాత కనబడుతూనే ఉంది. ఏదో ఒకటి చెప్పాలి కనుక, నీకు జామకాయలు తినాలని ఉందని రాశావన్నాను. మరునాడే అమ్మ యువాన్‌లిన్ దాకా వెళ్ళి ఒక బుట్ట తెచ్చి పార్శిలు వేయించింది. ఈ పాటికి చేరి ఉంటాయి. తిన్నానని రెండు వాక్యాలు రాయి.

సూది సంగతి మందుల కొట్టు తూ గారిని అడిగాను. ఇటువంటివి ఆయన పేపర్లో చదువుతుంటారు. ఆ టీకాను ఈ వైరస్ మోస్తున్నవాళ్ళ రక్తంలోంచే తీస్తారట. అది నిజమేనట, ఎవరూ దాచడం కూడా లేదట. నాకు ఆ రోజంతా పనిమీద మనసు నిలవలేదు. మన రక్తంలో ఉన్నది చాలదా, ఇంకెవరో రోగిష్టివాళ్ళ రక్తంలోది పుట్టీ పుట్టగానే పసిబిడ్డకు ఎక్కించడమేమిటి? నాన్న కాళ్ళు ఎలా వాచాయో, పెద్దన్నయ్య చివర్లో ఏ రంగుకు తిరిగాడో నేను దగ్గరుండి చూశాను. నువ్వు తైపేలో ఉన్నావు. తొందరపడకు అంటున్నాను. వంశంలో ఉన్నదాన్ని సూదితో ఆపగలరని నాకు నమ్మకం లేదు.

అమ్మ సంగతి నువ్వు పట్టించుకోకు. ఆవిడకు చెప్పడం లేదు.

నా పరీక్ష సంగతి తరువాత చూద్దాం.

అమ్మ రాయమంటోంది: వాళ్ళు వీళ్ళు చెప్పిన మందులన్నీ మింగకు, వద్దు అనడం నేర్చుకో. జలుబు మాత్ర గురించి అంటోంది.

చిన్-శుయ్


పాన్‌చ్యావ్
1984 అక్టోబరు 21

అన్నయ్యా,

జామకాయలు వచ్చాయి. జామపండు వాసనకే నాకు కడుపులో తిప్పుతోంది. బావగారు బుట్టెడూ బస్సు డిపోలో పంచి వచ్చారు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మ కూడా వద్దంటోందా? జలుబు మాత్రనో, సూదినో? నువ్వు అమ్మకు చెప్పేశావా, లేదా? ఏది అమ్మ మాటో ఏది నీ మాటో నాకు తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం అర్థమయింది. సూది వద్దు, వంశంలో ఉన్నది ఆగదు అంటే, ఈ బిడ్డే వద్దని కదా నీ మాట? నువ్వు ఆ లెక్కే వేసుకున్నావు. చాంగ్‌హ్వా నుంచి వచ్చిన సంబంధం ఎందుకు వద్దన్నావో అప్పుడు ఎవరికీ తెలియలేదు, నాకు తెలుసు. పెద్దన్నయ్యకు జబ్బు బయటపడిన నెల అది. నువ్వు ఒక్కడివే ఉండిపోయావు. నన్ను కూడా అలాగే ఉండమంటావా? ఆలస్యమయింది. లోపల తంతోంది.

ఈ వారం క్లినిక్‌కు పోలేదు. రక్తం మాట వింటే నీ ఉత్తరమే గుర్తొస్తోంది. వేయించనా, మాననా? బావగారు "నీ ఇష్టం" అంటారు. ఆయన ఏది అడిగినా ఆ మాటే. ఈ విషయంలో అది ఎందుకూ పనికిరాని మాట.

దీన్ని అమ్మకు చదవకపోతే పోయె.

పీ-యూ


లుకాంగ్
1984 నవంబరు 18

గాలి రోజులు మొదలయ్యాయి. సముద్రం వైపునుంచి ఇసుక వచ్చి వీధిలో పడుతోంది. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కాను.

పీ-యూకు,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. అమ్మ తెస్తుంది. ఎందుకో వరసగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను "పీ-యూ బాగానే ఉందట" అన్నాను.

"ఇంకా?"

"అంతే."

"రెండు వైపులా రాసి అంతేనా? నాకు చదువు రాదు గానీ కాగితానికి రెండు వైపులుంటాయని తెలుసురా."

నేను లేచి పిండి దగ్గరకు పోయాను. 

చాంగ్‌హ్వా సంబంధం గురించి నువ్వు రాసింది నిజం. అందుకే వద్దన్నాను. అంతకు మించి రాయలేను. కానీ నీ బిడ్డ వద్దని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ వాక్యం చదివాక, నా మాట అలా వినిపించిందంటే నాకు తెలియని విషయం మీద నేను మాట్లాడినట్టే అనిపించింది. మరునాడు కొట్టు మూసి ఆరోగ్య కేంద్రానికి బయలుదేరాను. మన కొట్టు పొద్దున మూయడం ఇంతవరకు ఎవరూ చూడలేదు కనుక అమ్మ వెంటపడింది.

"ఎక్కడికి?"

"రక్తం పరీక్షకు."

"నేనూ వస్తా. నీ మొహం చూస్తే దారిలో పడిపోయేట్టున్నావు."

అక్కడ హుంగ్ నర్సుగారు ఉన్నారు. రోజూ మన దగ్గర మాంసం బన్ను కొనుక్కుంటారు. నేను నేరుగా అడిగాను, రోగుల రక్తంలోంచి తీసింది పసిబిడ్డకు ఎలా వేస్తారని. ఆవిడ నవ్వలేదు. కుర్చీ చూపించి చెప్పారు.

"మీ బన్ను తీసుకోండి. పైన పిండి, లోపల మాంసం ముద్ద..."

"మావాడు మాంసం తక్కువే పెడతాడు," అంది అమ్మ.

"ఈ వైరస్ కూడా అలాంటిదేనండీ. జబ్బు చేసే సరుకంతా లోపల ఉంటుంది. అయితే ఇది మోస్తున్నవాళ్ళ రక్తంలో లోపల ఏమీ లేని ఒట్టి పైపొరలు కూడా కుప్పలు కుప్పలుగా తిరుగుతుంటాయి. ఆ ఒట్టివాటిని వేరుచేసి, మందుల్లో నానబెట్టి, ఎక్కడైనా పొరపాటున నిండుది మిగిలినా చచ్చేట్టు చేసి, పరీక్షించి, అప్పుడు టీకాలో పెడతారు. ఒంట్లో కాపలా ఉండే కణాలు ఆ పొరను చూసి గుర్తుపెట్టుకుంటాయి. తరువాత ఎప్పుడైనా నిండుది వస్తే గుమ్మం దగ్గరే పట్టుకుంటాయి. పుట్టిన రోజు వేసేది వేరే సూది. అందులో కాపలావాళ్ళనే అరువు తెచ్చి పెడతాం, బిడ్డకు సొంతవాళ్ళు తయారయ్యే దాకా."

మరి వంశంలో ఉన్నదాన్ని ఇది ఎలా ఆపుతుందని అడిగాను.

"వంశం కాదండీ. మీరే కాదు, ఈ పొరను మొట్టమొదట రక్తంలో కనిపెట్టిన శాస్త్రజ్ఞులు కూడా అలాగే అనుకున్నారు. వాళ్ళు వెతుకుతున్నదే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు తేడాలను. కొన్ని కుటుంబాల్లో ఇంటిల్లిపాదికీ ఇది కనబడేసరికి పుట్టుకతో వచ్చే లక్షణమే అనుకున్నారు. కొన్నేళ్ళకు గానీ తేలలేదు, ఇది వైరస్ అని, అంటుకునేదని. అంటుకునేదైతే ఆపవచ్చు."

పీ-యూ, ఆ చివరి మాట నేను ఇంటికి వచ్చాక కూడా అనుకుంటూనే ఉన్నాను. అంటుకునేదైతే ఆపవచ్చు.

అప్పుడు అమ్మ అడిగింది. "వంశం కాకపోతే మరెక్కడిది?"

నర్సుగారు కాగితాలు సర్దుకుంటూ, అడిగింది ఎవరో చూడకుండా, "మన దగ్గర చాలామందికి తల్లినుంచేనండీ, కాన్పులో" అన్నారు. నేను నేల చూశాను. అమ్మ చొక్కా చెయ్యి పైకి మడిచి బల్లమీద పెట్టింది.

"తియ్యి. వాడిదీ తియ్యి."

ఫలితం వచ్చింది. నా రక్తంలో ఉంది. అమ్మ రక్తంలోనూ ఉంది. ఇద్దరికీ కాలేయం ప్రస్తుతానికి బాగానే ఉంది, ఆరు నెలలకొకసారి చూపించుకోమన్నారు.

 తరువాత మూడు రోజులకు నాన్న తద్దినం వచ్చింది. నేను భయపడుతూనే బల్ల సర్దాను. అమ్మ ఎప్పటిలాగే చేప, కోడి, గ్లాసులో సారా పెట్టింది. అగరొత్తులు చేత్తో పట్టుకుని, "ఒరే ముసలాడా" అని మొదలుపెట్టింది. ఏటా ఆ తరువాత వచ్చేది నీకు తెలుసు, నీ వంశం నా బిడ్డలను తినేసిందని. ఈసారి "నీ తప్పు కాదట," అంది. "ఇన్నేళ్ళూ తిట్టాను. నువ్వు పడ్డావు. ఇవాళ ఇంకొకటి తాగు." సీసా తెచ్చి రెండో గ్లాసు పోసింది. అప్పుడు ఏడ్చింది.

ఆవిడ మంచం పట్టేస్తుందనుకున్నాను. సాయంత్రం నర్సుగారే మన కొట్టుకు వచ్చి కూర్చున్నారు, తాను చూసుకోకుండా మాట్లాడానని. అమ్మ ఆవిడను అడిగింది, "మరి నాకెవరిచ్చారు?" మీ అమ్మ అయి ఉండవచ్చు, ఆవిడకు వాళ్ళమ్మ, ఎన్ని తరాలనుంచో ఎవరికీ తెలియదు, తెలిసి ఇచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు అన్నారావిడ. అమ్మ, "అయితే పీ-యూ దగ్గర ఆగిపోవాలి," అంది. నా వైపు తిరిగి, "నువ్వు దానికేం రాశావు?" అని అడిగింది.

అప్పుడు నీ ఉత్తరాలు మూడూ మొదటినుంచీ చదివాను. జామకాయల దగ్గర నన్ను బాగా తిట్టింది.

సరిదిద్ది ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. "నీ ఉత్తరం చేరి, అది నమ్మి, నీకు జవాబు రాసేసరికి బిడ్డకు పెళ్ళీడు వస్తుంది. ఇటు తే, నేనే పట్టుకెళ్తా. చాంగ్‌హ్వాలో రైలెక్కించు, చాలు. తైపేలో అందరూ దిగుతారు కదా, నేనూ దిగుతా," అంది అమ్మ.

నేను ముందు రాసింది తప్పు. సూది వేయించు. ఇది నా మాట. కింద అమ్మ వేలిముద్ర వేస్తానంటోంది, అదీ ఉంది.

చిన్-శుయ్


పాన్‌చ్యావ్
1985 జనవరి 8

అన్నయ్యా,

పురిటి నెలలో కాగితం చూస్తే కళ్ళు పోతాయని అమ్మ కలం దాచిపెట్టింది. బావగారి పెన్సిలుతో, ఆవిడ వంటింట్లో ఉండగా రాస్తున్నాను. అక్షరాలు చూసి కంగారుపడకు.

ఆడపిల్ల. డిసెంబరు పంతొమ్మిదిన పొద్దున. పేరు వాన్-రు. ఎదురింటావిడ గెలిచింది.

అమ్మ వచ్చిన రోజు గుమ్మంలోకి అడుగుపెడుతూ నీ ఉత్తరం చేతికిచ్చింది. విప్పబోతే "ముందు నా మాట విను, తరువాత వాడిది" అంది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. "నీకు నేనే ఇచ్చాను. పెద్దవాడికీ నేనే. తెలియక ఇచ్చాను. నీకు తెలుసు. తెలిసి ఇస్తావా?" అన్నయ్యా, ఆవిడకు ఎలా చెప్పాలా అని నేను రెండు నెలలు నిద్రపోలేదు. ఆవిడే నాకు చెప్పింది. నేను ఏడుస్తుంటే, సంచిలోంచి కోడిని తీసి ఎక్కడ కట్టెయ్యాలని అడిగింది.

ఆసుపత్రిలో నర్సు ట్రే పట్టుకుని వచ్చినప్పుడు, అంతా అనుకుని కూడా, నా నోట "ఒక్క నిమిషం ఆగండి" అని వచ్చింది. అంత చిన్న తొడ, అంత సూది. అమ్మ ఈలోగానే పొత్తిళ్ళు విప్పి కాలు పట్టుకుంది. "నువ్వు అటు తిరుగు. కోడిపిల్ల పట్టు పట్టుకున్నా, కదలదు." పిల్ల ఏడిచింది, అమ్మ ఏడవలేదు.

తరువాత జరిగింది విను. పక్క మంచం అమ్మాయికి కూడా నాలాగే ఉందట. అత్తగారికి తెలియకూడదని దాచింది, సూది వద్దని నర్సుతో గుసగుసలాడుతోంది. అమ్మ గొంతు నీకు తెలుసు కదా. వార్డంతా వినబడేట్టు, ఇందులో రోగం లేదు, ఇది మావాడు చేసే బన్ను లాంటిది, లోపల ఏమీ ఉండదు అని వివరించింది. ఆ అమ్మాయి అత్తగారే లేచి వచ్చి అడిగి అడిగి విని, "అయితే మా పిల్లాడికి ఎందుకు వెయ్యలేదు?" అని నర్సును నిలదీసింది. ఇప్పుడు ఆ వార్డులో అందరూ లుకాంగ్ బన్నుల్లో మాంసం ఉండదనుకుంటున్నారు. నీ వ్యాపారం సంగతి నువ్వు చూసుకో.

అయితే పూర్తిగా సంతోషించడానికి లేదు. నూటికి నూరుమందిలో పని చేయదట. నాలాంటి తల్లులకు పుట్టినవాళ్ళలో కొందరికి సూదులు వేసినా అంటుతుందట. ఏడాది దాటాక రక్తం తీసి చూస్తే గానీ తెలియదు. అందాకా పిల్లను చూడటమే.

చెవులు నీవే. పాపం.

అమ్మ అడుగుల చప్పుడు.

పీ-యూ


లుకాంగ్
1985 మార్చి 3

మబ్బు. చలి తగ్గలేదు. రాబోయే లాంతర్ల పండుగ బన్నులకు ఎర్ర రంగు కలిపే గిన్నెలు తోమాను.

పీ-యూకు,

అమ్మ చేరింది. దిగగానే ముందు హుంగ్ నర్సుగారి దగ్గరకు పోయి, పిల్ల కాలు తానెలా పట్టుకున్నదీ చూపించింది. నర్సుగారి కాలే పట్టుకుని చూపించింది.

ఇప్పుడు మన వీధిలో ఎవరికి నెల తప్పినా వాళ్ళకంటే ముందు అమ్మ ఆరోగ్య కేంద్రంలో ఉంటోంది. తూ గారి కోడలిని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆ అమ్మాయికి ఏమీ లేదని తేలింది. "పోనీలే" అంది అమ్మ, కొంచెం నిరాశగా.

పిల్లకు రెండో టీకా తరువాత జ్వరమేమైనా వచ్చిందా? నువ్వు రాయలేదు. రాయకపోతే రాలేదనుకోవాలా, వచ్చి రాయలేదనుకోవాలా? ఏదో ఒకటి రాయి. నూటిలో కొందరు అన్నావు. ఎంతమందో అడిగావా? అడగకపోతే ఇప్పుడు అడగకు.

నా కాలేయం బాగానే ఉందన్నారు. ఆ డాక్టరు నన్ను పెళ్ళయిందా అని కూడా అడిగాడు. పరీక్షలో అది కూడా భాగమేమో.

చిన్-శుయ్


పాన్‌చ్యావ్
1986 ఫిబ్రవరి 2

అన్నయ్యా, అమ్మా,

ఇది మొత్తం చదవచ్చు.

వాన్-రు గోడ పట్టుకుని నడుస్తోంది. పట్టు వదిలి నాలుగు అడుగులు వేసి, ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే కూర్చుండిపోతుంది. ఈ సిగ్గు మన ఇంట్లో ఎవరిదో నేను రాయనక్కరలేదు. పోయినసారి మీరు పంపిన బన్నులోంచి మాంసం ఏరుకుని తిని పిండి బావగారి జేబులో పెట్టింది.

చివరి టీకా అయింది. నిన్న రక్తం తీశారు. ఫలితం రెండు వారాలకు. అమ్మ ఉండి ఉంటే బాగుండేది. కాలు పట్టుకోవడం నాకు చేత కాలేదు, బావగారు పట్టుకున్నారు. ఆయన మొహం పిల్ల మొహం కంటే తెల్లబోయింది. డిపోలో ఈ రెండు వారాలూ ఆయనతో ఎవరూ పరాచికాలాడకూడదని కండక్టర్లు అనుకున్నారట.

ఆగలేక ఆయన పేపర్లన్నీ చదువుతున్నారు. ఒకటి నీకోసం కత్తిరించి పంపుతున్నాను. ఇకమీదట ఈ టీకాకు మనుషుల రక్తమే అక్కరలేకుండా చేయబోతున్నారట. ఆ పైపొరను ఎలా అల్లాలో చెప్పే చిన్న జన్యువు ముక్క ఒకటి వైరస్‌లో ఉంటుందట. దాన్ని మాత్రం కత్తిరించి ఈస్టులో పెడితే, ఈస్టు పెరుగుతూ పెరుగుతూ ఆ పొరను తయారుచేసి పెడుతుందట. ఈస్టంటే నువ్వు రోజూ పిండిలో పెంచేదే. ఆ వాక్యం చదివి బావగారు, "మీ అన్నయ్య ఇక ఊరికే బన్నులే చేస్తున్నాననుకోనక్కరలేదు" అన్నారు.

నాకు రాత్రిళ్ళు పిల్ల కళ్ళు పచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది. దీపం పసుపు. పొద్దున చూస్తే తెల్లగానే ఉంటాయి.

పీ-యూ


లుకాంగ్
1986 ఫిబ్రవరి 21

ఎండ. గాలి ఆగింది. తెల్లవారుతూనే మొదటి వాయి దించి, రెండో వాయికి నీళ్ళు పెట్టాను.

పీ-యూకు,

నీ ఉత్తరం పొద్దునే వచ్చింది. భోజనాల దాకా ఆగలేదు. చేతులకు పిండి ఉండగానే విప్పాను, అంచుకు అంటుకుంది. అమ్మ కుర్చీ లాక్కోలేదు, నిలబడే వింది. "వాన్-రు రక్తంలో వైరస్ లేదు. దాన్ని ఆపే శక్తి తయారయి ఉంది." నేను ఈ రెండు వాక్యాలూ చదివాను. అమ్మ తట్ట మీద మూత తీసి మళ్ళీ పెట్టింది. తరువాత "మళ్ళీ చదువు" అంది. చదివాను. "ఇంకా నెమ్మదిగా."

ఇప్పటికి చాలాసార్లయింది. బన్నులకు వచ్చినవాళ్ళందరినీ ఆపి నాచేత చదివిస్తోంది. వాళ్ళలో సగం మందికి నువ్వెవరో తెలియదు. విని, బాగుంది అని, బన్నులు తీసుకుని పోతున్నారు. హుంగ్ నర్సుగారు వచ్చినప్పుడు మాత్రం అమ్మ నన్ను చదవనివ్వలేదు. ఆ రెండు వాక్యాలూ తానే చెప్పింది, ఒక్క మాట తప్పకుండా, కాగితం చేత్తో పట్టుకుని చదువుతున్నట్టే. కాగితం తలకిందులుగా ఉంది. నర్సుగారు అది చూశారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, బన్ను కొనకుండానే వెళ్ళిపోయి, వీధి చివరనుంచి మళ్ళీ వెనక్కు వచ్చారు.

బావగారు పంపిన కత్తిరింపు చదివాను. అన్నీ అర్థం కాలేదు. నేను ఇరవై ఏళ్ళుగా ఈస్టును పెంచుతున్నాను గానీ అది పిండిని పొంగిస్తుందనే తప్ప, ఏ పని నేర్పినా నేర్చుకుంటుందని అనుకోలేదు. బావగారి మాట బాగుంది. అయినా నేను చేసేది బన్నులే.

ఒకటి రాయాలి. నిన్నటిదాకా ఈ ఇంట్లో నాకు తెలిసిన లెక్క ఒక్కటే, నాన్న, పెద్దన్నయ్య, తరువాత ఎవరు అని. వాన్-రును ఆ వరసలో ఇక రాయక్కరలేదు. అది తన ఇష్టం వచ్చినట్టు పెద్దదవుతుంది. రేపు ఎవరైనా దాని సంబంధానికి వస్తే ఏమీ దాచనక్కరలేదు. ఈ మాట నేను పొద్దుటినుంచి ఎన్ని రకాలుగా రాద్దామన్నా ఇంతే వస్తోంది.

వేసవిలో దాన్ని తీసుకుని రండి. అమ్మ ఇప్పటికే పై గది తుడిపించింది. నువ్వు వస్తే, అప్పుడు సంబంధం పంపిన ఆ చాంగ్‌హ్వా వాళ్ళ గురించి ఒకటి అడగాలి, అక్కడ వాళ్ళ చెల్లెలు ఒకావిడ మిషను కుడుతుందని తూ గారు అన్నారు. నేను అడిగానని ఎవరితోనూ అనకు. ఊరికే అడుగుతున్నాను.

తూ గారు వచ్చారు. అమ్మ ఉత్తరం ఆయన చేతికి ఇచ్చి మళ్ళీ నన్ను పిలుస్తోంది. పొయ్యి మీద రెండో వాయి ఉంది, దాన్ని దించి ఆయనకూ చదవాలి. ఉంటాను.

చిన్-శుయ్